చెత్త కాల్చిన బూడిదలో అయస్కాంతానికి అంటుకునే నల్లపొడి: ఏంటిది, మడుల్లో ఉంటే ప్రమాదమా?

పెరటితోట | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఈ రోజు రాయాల్సి వచ్చింది.

మా ఇంటి వెనక మడుల్లో నాలుగేళ్ళుగా బూడిద వేస్తున్నాను. అది అచ్చంగా కట్టెల బూడిద కాదు. పక్కింటివాళ్ళు ఇనప డ్రమ్ములో ఇంటి చెత్తంతా కాలుస్తారు, కాగితాలు, అట్టపెట్టెలు, రేకు డబ్బాలు, కవర్లు, విరిగిన బొమ్మలు, ఏది చేతికొస్తే అది. వాళ్ళు పారబోస్తుంటే నేనే అడిగి తెచ్చుకునేదాన్ని, మొక్కలకి బలం కదా అని.

నిన్న మా అబ్బాయి పాత స్పీకర్ విప్పి అందులోని అయస్కాంతంతో ఆడుకుంటూ బూడిద బకెట్లో పడేశాడు. తీసి చూస్తే దాని చుట్టూ మీసం మొలిచినట్టు నల్లటి పొడి. దులిపితే పోదు, వేలితో తుడిస్తే వేలికి అంటింది. అయస్కాంతాన్ని కవర్లో చుట్టి మళ్ళీ ముంచాను, బయటికి తీసి కవర్ ఊడదీస్తే పొడి కాగితం మీద రాలింది. గుప్పెడు బూడిదకి ఒక చెంచాడు దాకా వచ్చింది. భూతద్దంలో చూస్తే అందులో కొన్ని నున్నగా, గుండ్రంగా, చిన్న చిన్న పూసల్లా ఉన్నాయి. తుప్పు ముక్కలు ఇంత గుండ్రంగా ఉండవు కదా.

నెట్‌లో వెతికితే "మాగ్నెటిక్ నానో పార్టికల్స్", "మెదడు" అంటూ ఏవేవో వచ్చాయి, రాత్రంతా టెన్షన్. తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, ఏంటిది?

---

గాలివాటం | శనివారం, 8:15

ఇనుప రజను అండీ. డబ్బాలు, మేకులు, పిన్నులు కాలితే వచ్చేదే. ఇనుము మట్టిలో ఎలాగూ బోలెడు ఉంటుంది, ఏ మట్టిలో అయస్కాంతం తిప్పినా నల్లపొడి వస్తుంది. నెట్‌లో చూసినవన్నీ నమ్మి భయపడకండి.

---

సూదంటురాయి | శనివారం, 9:52

గాలివాటం గారు చెప్పింది సగం నిజం. మట్టిలో సహజంగా మాగ్నటైట్ అనే నల్లటి ఇనుము ఆక్సైడ్ ఉంటుంది, దానికి అయస్కాంతం అంటుతుంది. కానీ పెరటితోట గారు చెప్పిన ఆ గుండ్రటి పూసల సంగతి వేరు. నేను మట్టి, ధూళి నమూనాల అయస్కాంత గుణాలు కొలిచే పనిలో కొన్నేళ్ళు ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రాళ్ళ నుంచి వచ్చిన మాగ్నటైట్‌కి సాధారణంగా కోణాలు, అంచులు ఉంటాయి, ఎందుకంటే అది స్ఫటికంగా పెరిగింది. గుండ్రంగా ఉందంటే ఒకప్పుడు కరిగి బొట్టుగా ఉండి, గాలిలోనే గడ్డకట్టిందన్నమాట. నీటిబొట్టు గుండ్రంగా ఉండే కారణమే దీనికీ. సన్నటి తీగ, స్టేపుల్ పిన్ను, డబ్బా అంచు లాంటివి మంటలో నిప్పురవ్వలుగా కాలితే ఇలాంటి పూసలు పుడతాయి. వెల్డింగ్ దగ్గర, గ్రైండర్ దగ్గర రాలే రవ్వల్లోనూ ఇవే ఉంటాయి. కొన్ని లోపల బోలుగా కూడా ఉంటాయి.

ఇనుము మీరనుకున్న చోట్ల నుంచే రాదు. అచ్చు సిరాల్లో, రంగుల్లో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. కొన్ని రకాల లేజర్ ప్రింటర్ల టోనర్ పొడిలో మాగ్నటైట్ నేరుగా కలుపుతారు. పాత క్యాసెట్ టేపు మీది గోధుమరంగు పూత మాగ్హెమైట్, అదీ అయస్కాంతానికి అంటే ఐరన్ ఆక్సైడే. తుప్పు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మామూలు ఎర్ర తుప్పుకి అయస్కాంతం దాదాపు అంటదు, కానీ అదే తుప్పు బొగ్గు, కాగితం మధ్య గాలి సరిగ్గా ఆడని చోట వేడెక్కితే ఆక్సిజన్ కొంత పోగొట్టుకుని మాగ్నటైట్ అయిపోతుంది. కాల్చకముందు అంటనిది కాల్చాక అంటుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ అయస్కాంతానికి అంటుకున్నవి నానో రేణువులు కావు. భూతద్దంలో పూస కనిపించిందంటే అది కనీసం కొన్ని పదుల మైక్రోమీటర్లు (మైక్రోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఉండాలి. నానో అంటే 100 నానోమీటర్ల లోపు, అంటే తల వెంట్రుక మందంలో సుమారు ఎనిమిది వందవ వంతు. అంత చిన్నదాన్ని చేతి అయస్కాంతం గాలిలోంచి లాగలేదు. లాగే బలం రేణువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. అడ్డం వెయ్యి రెట్లు తగ్గితే ఆ బలం వంద కోట్ల రెట్లు తగ్గుతుంది, గాలి పట్టి ఆపే బలం మాత్రం వెయ్యి రెట్లే తగ్గుతుంది. పెద్ద పూసలకి అతుక్కుని వచ్చినవి కొన్ని ఉంటాయి, అంతే. కాబట్టి "అయస్కాంతానికి ఎక్కువ అంటింది కాబట్టి ప్రమాదం ఎక్కువ", "ఏమీ అంటలేదు కాబట్టి శుభ్రం", ఈ రెండు మాటలూ తప్పే.

---

పెరటితోట | శనివారం, 10:20

చాలా థాంక్స్ అండీ. అయితే నానో రేణువులు అసలు ఉన్నట్టా లేనట్టా? నేను బకెట్ వంచి మడిలో చల్లేటప్పుడు లేచే తెల్లటి దుమ్ములో ఏముంటుంది? ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని, అంతకుమించి ఏమీ చేయలేదు.

---

రసాయనశాల | శనివారం, 11:05

ఉన్నట్టే అమ్మా. అవి ఎలా పుడతాయో నేను చెప్తాను, ఇది నేను పాఠం చెప్పే సబ్జెక్టే.

ఇనుము మరగాలంటే 2,800 డిగ్రీలు దాటాలి, చెత్త మంటలో అంత వేడి రాదు. మరి ఆవిరి ఎలా అవుతుంది? క్లోరిన్ వల్ల. పీవీసీ పైపు ముక్కలు, తోలు లాంటి రెగ్జిన్, ఉప్పు తగిలిన చెత్త, వీటిలోని క్లోరిన్ లోహాలతో కలిసి క్లోరైడ్‌లు అవుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ 315 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. జింక్ క్లోరైడ్‌కి 730 దాకా, లెడ్ క్లోరైడ్‌కి 950 దాకా కావాలి. కాడ్మియం అయితే క్లోరైడ్ కాకుండానే 767 దగ్గర మరుగుతుంది. ఈ ఆవిర్లన్నీ పొగతో పాటు పైకి లేచి, చల్లబడే దారిలో మంచు కురిసినట్టు సన్నటి రేణువులుగా గడ్డకడతాయి, లేదా అప్పటికే గాలిలో ఉన్న రేణువుల మీద పొరలా పేరుకుంటాయి.

సన్నటి రేణువులకే ఈ పూత ఎక్కువ దొరుకుతుంది. ఎందుకంటే పది మైక్రోమీటర్ల గుండు ఒక్కటి తీసుకుని అదే బరువుని 100 నానోమీటర్ల రేణువులుగా విడగొడితే పది లక్షల రేణువులు అవుతాయి, మొత్తం ఉపరితలం వంద రెట్లు పెరుగుతుంది. సీసం, కాడ్మియం వచ్చి కూర్చోడానికి అంత చోటు. అందుకే బూడిదలో ఎంత సన్నటి భాగం తీసుకుంటే అంత ఎక్కువ విషలోహాలు కనిపిస్తాయి. ఇనుము గురించి కాదు నా బెంగ, ఇనుము ఎవర్ని మోసుకొస్తోందో దాని గురించి.

కొంగు వల్ల నానో రేణువులు ఆగవు. బాధపెట్టాలని కాదు, ఇకముందు జాగ్రత్త పడతారని చెప్తున్నాను.

---

ఊపిరి | శనివారం, మధ్యాహ్నం 1:30

నేను ఛాతీ వార్డులో నర్సుని. మాకు పొగ కన్నా దుమ్ము కేసులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే పొగ కనబడితే మనిషి పక్కకి జరుగుతాడు, బూడిద ఊడ్చేటప్పుడు జరగడు.

ఒక లెక్క చూడండి. గాలి కదలని గదిలో, నీటి సాంద్రత ఉన్న పది మైక్రోమీటర్ల రేణువు మనిషి ముక్కు ఎత్తు నుంచి నేల మీదికి దిగడానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఒక మైక్రోమీటర్ రేణువుకి పన్నెండు గంటలు. 100 నానోమీటర్లదానికి దాదాపు ఇరవై రోజులు. మాగ్నటైట్ నీటికన్నా అయిదు రెట్లు బరువు కాబట్టి కాస్త తొందరగా దిగొచ్చు, రేణువులు ఒకదానికొకటి అంటుకుని గుత్తులైతే ఇంకా తొందరగా, కానీ "దుమ్ము అణిగింది కదా" అని మనం అనుకునే సమయానికి అణిగింది పెద్దవే. సన్నవి ఇంకా మన ఎదుటే ఉంటాయి, కనబడవు.

సూదంటురాయి గారూ, మెదడు సంగతి చెప్పండి. మా వార్డులో కూడా ఒకరు అడిగారు, నేను సరిగ్గా చెప్పలేకపోయాను.

---

సూదంటురాయి | శనివారం, 4:10

చెప్తాను, కాకపోతే జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం.

మనిషి మెదడులో మాగ్నటైట్ ఉందని 1992లోనే అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీలో జోసెఫ్ కిర్ష్‌వింక్ బృందం చూపించింది. అప్పట్లో అది శరీరం తనంతట తాను తయారుచేసుకున్నదే అనుకున్నారు, కొన్ని రకాల బ్యాక్టీరియా తమ ఒంట్లో మాగ్నటైట్ గొలుసులు తయారుచేసుకుంటాయి కదా, అలాగ. 2016లో బ్రిటన్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీకి చెందిన బార్బరా మేహర్ బృందం మెక్సికో సిటీ, మాంచెస్టర్‌లకి చెందిన 37 మంది మెదడు నమూనాలు పరీక్షించింది. వాళ్ళ వయసులు 3 నుంచి 92 దాకా. అందులో కోణాలున్న స్ఫటికాలతో పాటు గుండ్రటి, నున్నటి, కరిగి గడ్డకట్టిన ఉపరితలం ఉన్న రేణువులు కూడా బాగా కనిపించాయి, 150 నానోమీటర్ల దాకా ఉన్నవి. వాటితో పాటు ప్లాటినం, కోబాల్ట్, నికెల్ కూడా ఉన్నాయి, ఇవి శరీరం తయారుచేసుకునేవి కావు. 200 నానోమీటర్ల లోపు రేణువులు ముక్కు పైభాగంలోని వాసన నాడి ద్వారా నేరుగా మెదడులోకి వెళ్ళగలవని వాళ్ళ వివరణ.

మీ పూసలు కూడా గుండ్రంగానే ఉన్నాయి, పుట్టుక ఒకటే, అదే నాకు మనసులో గుచ్చుకుంటుంది. అయితే రెండు మాటలు మర్చిపోవద్దు. ఒకటి, ఆ రేణువులు చెత్త బూడిద నుంచి వచ్చాయని ఆ పరిశోధన చెప్పలేదు. వాహనాల ఇంజిన్లు, బ్రేకులు, ఉక్కు కొలుములు, బొగ్గు విద్యుత్ కేంద్రాలు, అన్నీ ఇలాంటి రేణువులే వదులుతాయి. రెండు, మాగ్నటైట్ వల్ల అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. అనుమానానికి కారణం మాత్రం ఉంది, మాగ్నటైట్‌లోని ఒక రకం ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే రాడికల్స్ అనే చాలా చురుకైన రసాయన రేణువులు పుడతాయి, అవి కణాలని దెబ్బతీస్తాయి. ఫెంటన్ అనే ఆయన 1894లో రాసిన చర్యే ఇది.

ఇప్పటికే మెదడు జబ్బు వచ్చేసిందేమో అని ఎవరూ దిగులు పడొద్దు. పీల్చే మోతాదు తగ్గించుకోవడం మన చేతిలో ఉంది.

---

గాలివాటం | శనివారం, 6:45

నేను పొద్దున తేలిగ్గా తీసిపారేసినట్టు రాశాను, సారీ. గుండ్రటి పూసల సంగతి నాకు తెలియదు.

కానీ ఒక అనుమానం. డ్రమ్ములో కాల్చేది ఎంత, ఊరి చెత్తంతా కాల్చే పెద్ద ప్లాంట్లు ఎంత? వాటి చిమ్నీలని వదిలేసి ఒక పెరటి డ్రమ్ము గురించి ఇంత చర్చ న్యాయమా? ఆ ప్లాంట్ల నుంచే నానో రేణువులు టన్నుల కొద్దీ వస్తుంటాయి కదా.

---

కొలిమిదగ్గర | శనివారం, రాత్రి 9:30

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. నేను అలాంటి ప్లాంటులోనే పనిచేస్తున్నాను, బూడిద వైపు. పేరు చెప్పను.

అన్నా, నువ్వు చిమ్నీ అంటున్నావు, నేను రోజూ చూసేది వేరు. పొగని పైకి వదిలే ముందు సున్నం, యాక్టివేటెడ్ కార్బన్ (విషవాయువులని పీల్చుకునే బొగ్గుపొడి) కొట్టి, బట్ట సంచుల ఫిల్టర్ లోంచి పంపుతారు. ఆ సంచులు సరిగ్గా ఉన్నంతవరకు చిమ్నీ పైన ఏమీ కనబడదు. పట్టుకున్నదంతా ఏమైపోతుంది మరి? మాయం కాదు. కింద హాపర్‌లో, అంటే గరాటు లాంటి తొట్టిలో పడుతుంది, మేం దాన్ని ఫ్లై యాష్ అంటాం. వంద కిలోల చెత్త కాలిస్తే రెండు మూడు కిలోలు వస్తుంది, సీసం, కాడ్మియం, డయాక్సిన్లు (క్లోరిన్ ఉన్న చెత్త కాలితే పుట్టే విష రసాయనాలు) అన్నీ దాంట్లోనే కుదించుకుని ఉంటాయి. చెత్త మండే ఇనప జల్లెడ (గ్రేట్) కింద నీళ్ళ తొట్టిలో పడే బాటమ్ యాష్ ఇరవై, ఇరవై అయిదు కిలోలు. దాన్ని కన్వేయర్ మీద పంపేటప్పుడు పైన పెద్ద అయస్కాంతం ఉంటుంది, డబ్బాలు, మేకులు, తీగలు టపటపా అతుక్కుంటాయి. అయినా రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నదాన్ని ఎవరూ పూర్తిగా తీయలేరు, అది బూడిదతోనే పోతుంది. నేను చేరిన కొత్తలో మా సూపర్‌వైజర్ చెప్పింది ఇంకా గుర్తు, వేడిగా ఉన్నప్పుడు అయస్కాంతం పెట్టి లాభం లేదు, మాగ్నటైట్ 580 డిగ్రీలు దాటితే అంటుకోదు, చల్లారాకే.

కింది బూడిద తడిగా వస్తుంది కాబట్టి దుమ్ము లేవదు. ఎండాకాలం యార్డులో కుప్ప పైపొర ఆరిపోయినప్పుడు లోడర్ బకెట్ దింపితే చూడాలి, బూడిద రంగు తెర లేస్తుంది. నీళ్ళు కొట్టమని అడిగితే నీళ్ళు కొడతారు, ఒక్కోసారి అడగాలి.

---

సూదంటురాయి | శనివారం, 10:15

కొలిమిదగ్గర గారు చెప్పినదానికి గట్టి సాక్ష్యం ఉంది. 2012లో స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిచ్ యూనివర్సిటీ వాళ్ళు నడుస్తున్న చెత్త దహన ప్లాంటులోనే ప్రయోగం చేశారు. సుమారు 80 నానోమీటర్ల సీరియం అనే లోహపు ఆక్సైడ్ రేణువులని ఒకసారి చెత్త మీద చల్లి, ఇంకోసారి నేరుగా దహన గదిలోకి పంపి, ఎక్కడ తేలతాయో వెతికారు. చిమ్నీ దాటి పోయింది లెక్కలోకి రానంత తక్కువ. ఫిల్టర్లు బాగానే పట్టాయి. కానీ ఆ రేణువులు మంటలో నాశనం కాలేదు, చాలావరకు అలాగే మిగిలి బూడిదల్లో చేరాయి, అదీ గట్టిగా అతుక్కోకుండా వదులుగా. అంటే నానో రేణువుల సమస్య చిమ్నీ దగ్గర తీరిపోలేదు, బూడిద దగ్గరికి మారింది. అది సీరియం, ఇది ఇనుము, రెండూ అచ్చం ఒకేలా ప్రవర్తిస్తాయని అనను, కానీ దారి ఒకటే.

గాలివాటం గారి ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఫిల్టర్ ఉన్న ప్లాంటులో పొగ శుభ్రం, బూడిద ప్రమాదం. ఫిల్టర్ లేని డ్రమ్ములో పొగా ప్రమాదమే, బూడిదా ప్రమాదమే, రెండూ ఇంటి గుమ్మం దగ్గర.

---

రసాయనశాల | ఆదివారం, ఉదయం 6:50

డ్రమ్ము చిన్నది కాబట్టి ఫర్వాలేదనే మాట మీద ఇంకొంచెం. యూరప్ నిబంధనల ప్రకారం ప్లాంటులో దహన వాయువు కనీసం 850 డిగ్రీల దగ్గర రెండు సెకన్లు ఉండాలి, తర్వాత గబగబా చల్లార్చాలి. ఎందుకంటే 200 నుంచి 400 డిగ్రీల మధ్య నెమ్మదిగా చల్లారితే బూడిద రేణువుల మీదే డయాక్సిన్లు పుడతాయి, రాగి లాంటి లోహాలు ఆ చర్యని వేగం చేస్తాయి. ప్లాంటు ఫ్లై యాష్‌లో డయాక్సిన్లు ఉన్నాయని 1977లో నెదర్లాండ్స్‌లో మొదటిసారి బయటపెట్టారు, ఆ తర్వాతే ఈ నిబంధనలన్నీ బిగిశాయి. డ్రమ్ములో జరిగేది సరిగ్గా వద్దన్న పనే. మధ్యలో మంట, అంచుల్లో పొగ, గంటల తరబడి నెమ్మదిగా చల్లారడం. అమెరికా పర్యావరణ సంస్థ డ్రమ్ముల్లో ఇంటి చెత్త కాల్చి కొలిచినప్పుడు, కొద్ది ఇళ్ళ నుంచి కొన్ని పదుల ఇళ్ళ డ్రమ్ములు కలిస్తే చాలు, మంచి ఫిల్టర్లున్న ఒక పెద్ద ప్లాంటుతో సమానంగా డయాక్సిన్లు వదలొచ్చని తేలింది. 2001 స్టాక్‌హోమ్ ఒప్పందం కూడా బహిరంగంగా చెత్త కాల్చడాన్ని డయాక్సిన్ల మూలాల జాబితాలో పెట్టింది.

---

కొలిమిదగ్గర | ఆదివారం, 8:05

నిన్న రాయాలా వద్దా అని ఆగిన విషయం ఒకటి రాస్తాను.

రెండేళ్ళ క్రితం ఫ్లై యాష్ నింపిన పెద్ద సంచి క్రేన్ మీద ఉండగా కుట్టు ఊడింది. సంచి పడలేదు, కింద అరచేతి అంత కంత పడి అందులోంచి ధారగా కారింది. నీళ్ళు కారినట్టే కారింది, అంత సన్నగా ఉంటుంది. నేల తాకాక అది ఆగలేదు, నేల వెంట పాకింది, తర్వాత మోకాలి ఎత్తు, తర్వాత నడుము ఎత్తు. శబ్దం ఏమీ లేదు. నా మాస్క్ మెడ కింద ఉంది, అప్పుడే మంచినీళ్ళు తాగాను. మాస్క్ పైకి లాక్కుని బయటికి పరిగెత్తే లోపే నోట్లో ఉప్పగా, సబ్బులా రుచి తగిలింది. కళ్ళు రెండు రోజులు మండాయి. ఆ మధ్యాహ్నం మా వాళ్ళు చీపుర్లతో ఊడవబోతే నేనూ ఇంకొకతనూ అడ్డుపడ్డాం, ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ తెప్పించేదాకా ఎవరూ ముట్టుకోలేదు. మేస్త్రీకి కోపం వచ్చింది. వస్తే వచ్చింది.

ఆ రోజు నుంచి పొడి బూడిద ఎక్కడ ఉన్నా నేను ముందు నీళ్ళ పైపు ఎక్కడుందో చూసుకుంటాను.

---

ఊపిరి | ఆదివారం, 8:40

చదువుతుంటే నాకే ఊపిరి బిగుసుకుంది తమ్ముడూ. ఆ సబ్బు రుచి క్షారం వల్ల, తాజా బూడిద నీళ్ళ పీహెచ్ 11, 12 దాకా ఉంటుంది, కళ్ళకి చాలా చెడ్డది. ఊపిరితిత్తుల పరీక్ష ఏడాదికోసారి చేయించుకో, వాళ్ళు చేయించకపోతే నువ్వే అడుగు.

---

పెరటితోట | ఆదివారం, 9:30

అన్నీ రెండుసార్లు చదివాను. ఇంకా రెండు బకెట్ల బూడిద షెడ్డులో ఉంది, మడుల్లో నాలుగేళ్ళది కలిసిపోయి ఉంది. మా అబ్బాయి అక్కడే ఆడతాడు. ఏం చేయాలో చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తోచట్లేదు.

---

రసాయనశాల | ఆదివారం, 10:10

ముందు ఆ రెండు బకెట్లు. వంచకండి, ఊడవకండి. స్ప్రే సీసాతో పైన మెల్లగా నీళ్ళు చల్లండి, పైపుతో ఒక్కసారిగా కొడితే ఆ ధాటికే లేస్తుంది. పైపొర తడిశాక ఇంకాస్త, అలా ముద్ద అయ్యేదాకా. బూడిదలో అల్యూమినియం ముక్కలుంటే క్షారంలో హైడ్రోజన్ వదులుతాయి, అందుకే ముద్ద చేసిన వెంటనే మూత గట్టిగా బిగించకండి, గాలి ఆడే చోట ఒక రోజు ఉంచి తర్వాత రెండు పొరల సంచిలో కట్టండి. చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు. ఆ సంచి మామూలు చెత్తలో కలపకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి అదేంటో చెప్పి ఇవ్వండి.

మడుల విషయంలో కంగారు పడి తవ్వొద్దు, తవ్వితేనే లేస్తుంది. మట్టిలో తడిగా కలిసిపోయినది గాలిలోకి రాదు. మట్టి పరీక్ష చేయించండి, "బూడిద వేశాను" అని చెప్పి సీసం, కాడ్మియం, జింక్ అడగండి, మామూలు ఎరువుల పరీక్షలో ఇవి చూడరు. ఫలితం వచ్చేదాకా ఆకుకూరలు, దుంపలు అందులో వద్దు. కాడ్మియం ఆకుల్లోకి ఎక్కుతుంది, సీసం ఎక్కువగా మట్టితో పాటు దుంపకి అంటుకుని వస్తుంది.

---

ఊపిరి | ఆదివారం, 10:35

మాస్క్ గురించి నా మాట. గుడ్డ వద్దు, ఎన్95 కట్టుకోండి. నానో రేణువులు అందులోంచి దూరిపోతాయని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనవి 0.3 మైక్రోమీటర్ దగ్గరివి, పరీక్ష చేసేది వాటి దగ్గరే. అంతకన్నా చిన్నవి గాలి అణువుల దెబ్బలకి అటూ ఇటూ తూలుతూ పోగులకి తగులుకుంటాయి. మొహానికి సందు లేకుండా అంటుకోవాలి, అదే ముఖ్యం. ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ మాత్రం అసలు వద్దు, సన్నటిదంతా వెనక నుంచి మళ్ళీ గదిలోకే ఊదుతుంది. బాబుని ఆ రోజు ఇంకెక్కడికైనా పంపండి.

---

కొత్తసభ్యుడు_9 | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నేను ఎమ్మెస్సీ విద్యార్థిని. మా ల్యాబ్‌లో ససెప్టిబిలిటీ మీటర్ ఉంది, నమూనా అయస్కాంతానికి ఎంత స్పందిస్తుందో కొలిచేది. ఈ బూడిదల్లో నానో రేణువులు ఎన్ని ఉన్నాయో దాంతో తెలుస్తుందా? పెరటితోట గారు ఒప్పుకుంటే మట్టి నమూనాలు కొలిచి పెడతాను.

---

సూదంటురాయి | ఆదివారం, 3:45

తప్పకుండా కొలువు తమ్ముడూ, కానీ ఒకటి తెలుసుకుని కొలువు. మీటర్ చెప్పే మొత్తం సంఖ్యలో పెద్ద పూసల వాటా చాలా ఎక్కువ. రెండు ఫ్రీక్వెన్సీల దగ్గర కొలిచి తేడా తీస్తారు చూడు, ఆ తేడా ఇరవై నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్న మాగ్నటైట్‌కే పలుకుతుంది. మట్టిలో సహజంగా పుట్టిన సన్నటి మాగ్నటైట్ ఉంటే తేడా పది శాతం దాకా రావచ్చు, కాల్చిన బూడిదలో సాధారణంగా మూడు శాతం లోపే. అది చూసి "నానో రేణువులు లేవు" అని రాసేయకు. 50, 100 నానోమీటర్లవి ఆ పరీక్షకి కనిపించవు. నిజంగా చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి.

ఈ మీటర్ బాగా పనికొచ్చేది ఒకదానికి, బూడిద ఎంత లోతు దాకా, ఎంత దూరం దాకా చేరిందో గీత గీసి చూపించడానికి. మడి పైపొర, అడుగు లోతు, మడికి దూరంగా బూడిద పడని చోటు, మూడు చోట్లా తీయించు. ఇనప పార, ఇనప చెంచా వాడొద్దు, ప్లాస్టిక్ గరిట మాత్రమే.

---

గాలివాటం | ఆదివారం, రాత్రి 8:00

పెరటితోట గారూ, పక్కింటివాళ్ళతో మాట్లాడారా? బూడిద మీరు తీసుకోకపోయినా డ్రమ్ము మండుతూనే ఉంటుంది కదా. నిన్న అనవసరంగా తేలిక చేశాను, అందుకే అడుగుతున్నాను. మాట్లాడేటప్పుడు మెదడు, అల్జీమర్స్ లాంటి మాటలతో మొదలుపెట్టకండి, ఎవరైనా మొండికేస్తారు.

---

పెరటితోట | తర్వాతి శనివారం, సాయంత్రం 5:50

వారం అయింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

బకెట్లు రెండూ మీరు చెప్పినట్టే తడిపాను. మొదటిసారి చల్లగానే నీళ్ళు లోపలికి పోకుండా బూడిద మీద బొట్లు బొట్లుగా నిలబడ్డాయి, ఆగి ఆగి చల్లితే పావుగంటకి ముద్ద అయింది. చెవి దగ్గర పెడితే సన్నగా బుసబుస మంటూ బుడగలు, హైడ్రోజన్ అన్నారు చూడండి, అదే అయ్యుంటుంది. రాత్రంతా షెడ్డు బయట మూత లేకుండా ఉంచి సంచుల్లో కట్టాను. మట్టి పరీక్షకి పంపాను, ఇంకా రాలేదు.

కొత్తసభ్యుడు_9 గారు కొలిచి పంపారు. మడి పైన అయిదు సెంటీమీటర్ల మట్టి, అడుగు లోతు మట్టికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చూపించింది. నేను అనుకోనిది ఇంకొకటి, బూడిద ఎప్పుడూ వేయని కిటికీ కింది మట్టి కూడా ఎక్కువే చూపించింది. డ్రమ్ము ఆ వైపే ఉంటుంది.

పక్కింటావిడతో మాట్లాడాను. మెదడు సంగతి ఎత్తలేదు. తెల్ల కాగితం, కవర్లో చుట్టిన అయస్కాంతం, వాళ్ళ డ్రమ్ములోదే ఒక చెంచాడు తడి బూడిద పట్టుకెళ్ళాను. ఆవిడే అయస్కాంతం తిప్పి చూసి, "ఇదంతా మా డబ్బాలదా" అని అడిగింది. డబ్బాలు, కవర్లు, బ్యాటరీలు ఇక డ్రమ్ములో వేయనంది. కాగితాలు, ఆకులు మాత్రం కాలుస్తానంది. అది కూడా మానమని ఈసారికి అడగలేకపోయాను, మట్టి రిపోర్టు వచ్చాక మళ్ళీ వెళ్తాను.

కిటికీ కింద మట్టి ఏం చేయాలి? తడిపి పైన గడ్డి వేయించనా?

---

రసాయనశాల | శనివారం, 6:30

వేయించండి. నేల బోసిగా ఉండకూడదు, అంతే. ముందు ఆ కిటికీ గట్టు, దోమతెర తడిగుడ్డతో తుడవండి, పొడిగుడ్డతో కాదు. గుడ్డ ఉతకకుండా ఆ బూడిద సంచిలోనే వేసేయండి.